ఎండకు మతి పోగొట్టుకున్న ఏనుగు

నేను అబద్ధాలు చెబుతానని తిరుపతిలో మా వీధికి తెలుసు, చిత్తూరులో మా అక్క వీధికి ఇంకా బాగా తెలుసు. ఎవరి కొంపా ముంచే అబద్ధాలు కావవి. శ్రీహరికోటలో రాకెట్టు లేచినప్పుడు మా మిద్దె మీద ఆరేసిన నా పంచె ఆ గాలికి ఎగిరిపోయి, మర్నాడు అంచులు కమిలి తిరిగొచ్చి అదే దండెం మీద పడిందని ఒకటి. చంద్రగిరి కోటలో మొదలైన పాత సొరంగం సరిగ్గా నా షాపు కౌంటరు కింద తేలుతుందనీ, అందులోంచి చల్లగాలి వస్తుంది కాబట్టే నేను ఎండాకాలం ఫ్యాను వేయననీ ఇంకొకటి. మిక్సీలు, స్టెబిలైజర్లు, ఇన్వర్టర్లు బాగు చేసే షాపు నాది. సామాను విప్పి లోపల ఏది కాలిందో కనుక్కునేదాకా మనిషిని బెంచీ మీద కూర్చోబెట్టాలంటే ఏదో ఒకటి చెబుతూ ఉండాలి కదా.

దీనితో వచ్చిన చిక్కేమిటంటే, నేను నిజం చెప్పిన రోజున నన్ను కాపాడేవాడు ఉండడు.

జాతర దగ్గర పడుతుండగా ఒక పొద్దున షాపు తెరిచి అగరుబత్తి వెలిగించానో లేదో, అక్క ఫోను. చేతిలో స్క్రూడ్రైవరు ఉండటంతో స్పీకరు పెట్టాను. అదే తప్పయింది.

"రేయ్, ఏనుగు లెయ్యలేదురా."

"ఏమైందక్కా?"

"ఏమైందో తెలిస్తే నీకెందుకు ఫోన్ సేస్తాను? పొద్దున్నుంచి గమ్మున పడుండాది. కన్ను కూడా తెరవలేదు."

ఎదురుగా మిక్సీ జారు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఆవిడ నా వైపు అదోలా చూసింది. "మా అక్క వాళ్ళ ఏనుగమ్మా. ముప్పై ఏళ్ళుగా ఉంది. ఈ వేళ లేవడం లేదట" అన్నాను. ఆవిడ జారు సంచిలో వేసుకుని, మళ్ళీ వస్తానని చెప్పి వెళ్ళిపోయింది. చూశారా! అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

అది బల్బుల ఏనుగు. చిత్తూరులో మా అక్కకు మైకుసెట్లు, సీరియల్ లైట్లు బాడుగకిచ్చే షాపు ఉంది. బావ పెట్టిన షాపు. ఆయన పోయాక అక్కే నడుపుతోంది. గంగమ్మ జాతరకు గుడి వీధి మొదట్లో ఆర్చి కట్టడం వాళ్ళ ఇంటి హక్కు. వెదురు బొంగులు, వాటి మీద చెక్క ఫ్రేములు, ఫ్రేముల నిండా రంగు బల్బులు. నడుమ అమ్మవారు, పక్కన ఏనుగు. ఏనుగు కింద బుట్టలోంచి తొండంతో పూలమాల అందుకుంటుంది. మోకాలి దాకా, భుజం దాకా, నుదుటి దాకా ఎత్తుతుంది. అక్కడ తొండం ఒక్కసారి కిందికి వంగుతుంది. మళ్ళీ లేచి మాలను అమ్మవారి మెడలో వేస్తుంది. ఆ వంగడాన్ని ఊరు ఏనుగు దండం అంటుంది. తొండం వంగగానే వీధిలో ఉన్న ప్రతి మనిషీ చేతులు జోడిస్తాడు. పానీపూరీ తింటున్నవాడు కూడా ప్లేటు చంకలో ఇరికించుకుని జోడిస్తాడు.

ఈ ఏనుగు ప్రాణమంతా ఒక రేకు డబ్బాలో ఉంటుంది. డబ్బాలో జెర్రుల్లాంటి మూడు చిప్పులు, ఒక్కొక్కదానికి నలభై కాళ్ళు. 8085, 8155, 8755. కంప్యూటర్లు ఇంటింటికీ రాకముందు ఒక యంత్రానికి బుద్ధి పెట్టాలంటే ఈ మూడూ చాలు. నేను తిరుపతిలో డిప్లొమా చదువుతున్నప్పుడు బావ వీటిని మద్రాసులో కొనుక్కొచ్చి, మా కాలేజీ ల్యాబులో దూరి, మా లెక్చరర్‌ని కాకా పట్టి, వీటితో ఏనుగును ఆడించడం నేర్చుకున్నాడు. ఆయన దీన్ని పెళ్ళి వంట లెక్కన వివరించేవాడు. 8085 వంటమాస్టరు. చెయ్యి తిరిగినవాడే కానీ ఎవరైనా చెప్పనిదే గరిటె కదపడు. 8155 పక్కనుండే మనిషి. టైము చూసి చెబుతాడు, చేతికి అందిస్తాడు, రెండు మూడు మాటలు గుర్తు పెట్టుకుంటాడు, కరెంటు పోతే అవీ మరిచిపోతాడు. 8755 ఇంటి ముసలమ్మ. ఏది ముందు, ఏది వెనక, ఎంత సేపు, అంతా ఆమెకే తెలుసు. కరెంటు పోయినా మరవదు. ఆమె చెబితే వంటమాస్టరు చేస్తాడు.

ఆ ముసలమ్మకు నడినెత్తిన చిన్న గాజు కిటికీ ఉంటుంది. అలంకారానికి కాదు. రాసినదాన్ని చెరిపి కొత్తగా రాసుకోవాలంటే ఆ కిటికీ మీద ఒక రకం వెలుగు పడాలి. ఆ వెలుగు ఎండలోనూ కాస్త ఉంటుంది. అందుకే రాయడం పూర్తి కాగానే కిటికీని మూసేస్తారు. బావ నల్లటేపు అంటించాడు. ఆయన చనిపోయిన ఏడాది నేను అక్కను డబ్బా ముందు కూర్చోబెట్టి, వేలు పెట్టి చూపించి మరీ చెప్పాను: ఈ టేపు తీయవద్దు, తీసి ఎండలో పెడితే దీనికి మతి పోతుంది అని. నా జీవితంలో అంత ఒళ్ళు దగ్గర పెట్టుకుని చెప్పిన నిజం ఇంకోటి లేదు.

"సాటింపు లోపల ఏనుగు లెయ్యకపోతే ఆర్చిని వేలూరోడికి ఇచ్చేస్తారంట" అంది అక్క ఫోనులో. "వాడు పిక్సెల్ బోర్డంట, సెల్‌ఫోన్ మాదిరి ఏ బొమ్మ కావాలంటే ఆ బొమ్మ వస్తాదంట. కమిటీ కుర్రోళ్ళంతా వాడి పక్కే. పెద్దాయనొక్కడే, ఏనుగు లేస్తే ఆర్చి మీదేనమ్మణ్ణీ అన్నాడు. ఒకసారి వాడు కట్టినాడంటే ఇంక మనకి రాదురా."

చాటింపు అంటే జాతర వచ్చిందని డప్పు కొట్టి ఊరంతా చెప్పడం. ఆ డప్పు పడ్డాక, అప్పటికి ఊళ్ళో ఉన్నవాళ్ళెవరూ పొలిమేర దాటి బయట పడుకోకూడదు, బయటివాళ్ళు పనిమీద లోపలికి రాకూడదు. అందుకని ఆర్చి ఎవరిదన్నది డప్పు పడేలోపల తేలాలి. నేను షాపు మూసి చిత్తూరు బస్సెక్కాను. పూతలపట్టు దాకా నిలబడే వెళ్ళాను. నా పక్కన నిలబడ్డాయన ఎక్కడికని అడిగాడు. ఏనుగుకు ఒంట్లో బాగాలేదని చెప్పాను. వెటర్నరీ డాక్టరా అన్నాడు. అవునన్నాను. ఆ తర్వాత దిగేదాకా వాళ్ళ బర్రె పొదుగు వాపు గురించి చెబుతూనే ఉన్నాడు.

"డబ్బా యాడుండాది?" అన్నాను, షాపులో అడుగుపెడుతూనే.

"మిద్దె మీద."

"మిద్దె మీద ఎందుకుండాది?"

"ఎండకి."

నేను అక్కడే స్పీకరు బాక్సు మీద కూలబడ్డాను. తర్వాత లేచి మెట్లెక్కాను. మిద్దె మీద ఒక చాపలో వడియాలు, ఒక చాపలో మామిడి తాండ్ర, రెండింటి నడుమ మూత తీసిన రేకు డబ్బా. కాకి ముట్టకుండా మూడింటినీ కలిపి ఒకే దోమతెర కప్పింది మా అక్క. 8755 నెత్తిన నల్లటేపు లేదు. గాజు కిటికీ తుడిచిన అద్దంలా తళతళలాడుతోంది. దాని అంచున కుంకుమ బొట్టు.

"టేపు ఏమైందక్కా?"

"ఆయుధపూజకి తీసినా. జిగురు కారి మురిగ్గా ఉన్నింది. బొట్టు యాడ పెట్టేది మరి?"

"పక్కన పెట్టచ్చు కదా?"

"ఆ రెండిటికీ నెత్తిన పెట్టి దీనికి మాత్రం కాళ్ళకి పెడతానా? సూసేదానికి బాగుంటాదా?"

మా వైపు ఆయుధపూజ అంటే ఆషామాషీ కాదు. బస్సు స్టీరింగు నుంచి ఇంట్లో కత్తిపీట దాకా దేనికీ బొట్టు తప్పదు. నా షాపులో మల్టీమీటరుకు కూడా గంధం పూస్తారు. ఆ రోజంతా అది సున్నా తప్ప మరేమీ చూపించదు. అక్కడిదాకా నాకేం పేచీ లేదు.

"సరే, బొట్టు పెట్టినావు. ఎండకి ఎందుకు పెట్టినావు?"

"వానలకి డబ్బాలో సీమలు గూడు పెట్టినాయి. తేమ వాసన. వారం పదినాళ్ళు ఎండితే పోతాదని పెట్టినా. ఈపొద్దు ఏనుగు లెయ్యలేదని మళ్ళా పెట్టినా. వడియాలు బాగానే ఎండినాయి సూడు."

"నీకు నేను చెప్పినానా లేదా?"

"సెప్పినావు."

"ఏమని చెప్పినా?"

"టేపు తీస్తే ఎండకి దానికి మతి పోతాదని."

"మరి?"

"పంచె రాకెట్టుతో ఎగిరిపోయిందని కూడా సెప్పినావు" అంది మా అక్క, ఒక వడియం విరిచి ఎండిందో లేదో చూస్తూ.



8755ను ఒక్కదాన్నే పీకి, దూదిలో పెట్టుకుని తిరుపతి తిరిగొచ్చాను. కాలేజీ వాళ్ళు పారేస్తుంటే తెచ్చి దాచుకున్న పాత 8085 ట్రైనింగు కిట్టు నా అటక మీద ఉంది. దుమ్ము దులిపి, చిప్పును అందులో గుచ్చి, లోపల ఏముందో ఒక్కో గదీ తెరిచి చూశాను. FF. తర్వాతి గది, FF. ఆ తర్వాతిదీ అదే. చెరిగిపోయిన చిప్పులో ఉండేది అదొక్కటే. తమాషా ఏమిటంటే, FF అన్నది 8085కు అర్థంలేని మాట కాదు. ఫలానా గదికి పో అని అర్థం. పాపం అది పోతుంది. అక్కడా FF. మళ్ళీ అదే గదికి పో అంటుంది. అది మళ్ళీ పోతుంది. పట్టాదారు పాసుపుస్తకంలో పేరు మార్పించుకోవడానికి నేను తిరిగిన తిరుగుడే అది. ఐదో కౌంటరుకు పొమ్మంటారు, ఐదో కౌంటరులో కూర్చున్నాయన ఐదో కౌంటరుకు పొమ్మంటాడు. ఆ డబ్బాలో మా 8085 అక్క స్విచ్చి వేసిన ప్రతిసారీ అట్లా తిరుగుతూనే ఉండి ఉంటుంది. ఏనుగు కన్ను తెరవకపోవడంలో వింతేముంది?

మళ్ళీ రాద్దామంటే రాసే యంత్రం కావాలి. నేను చదివిన కాలేజీకి వెళ్ళాను. ల్యాబులో ఉన్న లెక్చరరు మంచివాడే, కుర్చీ వేశాడు.

"8085 సిలబస్‌లో ఉంది సార్, ల్యాబులో లేదు."

"మరి పిల్లలకెట్లా చెబుతారు?"

"బొమ్మ గీయిస్తాం సార్. నలభై కాళ్ళూ పేర్లతో సహా కంఠస్థం. కళ్ళు మూసుకుని గీసేస్తారు."

"నిజం చిప్పు ఎవరైనా చూశారా?"

"మీ చేతిలో ఉన్నది అదేనా సార్?" అని ఆయనే లేచి వచ్చి చూశాడు. ఫోను తీసి ఫోటో కూడా తీసుకున్నాడు. అది 8085 కాదు, 8755 అని చెప్పాను. ఎందుకైనా మంచిదని ఇంకో ఫోటో తీసుకున్నాడు. రాసే యంత్రం ఎప్పుడో పాత ఇనుము కింద పోయిందట.

బావ అప్పట్లో ఏ గదిలో ఏం రాశాడో కాగితాల మీద వరసలుగా వేసుకున్నాడు. ఒక్కో వరస అంటే ఏనుగు ఒక్కో భంగిమ, ఏ బల్బులు వెలగాలి, ఏవి ఆరాలి అని. అవైనా ఉన్నాయా అని అక్కకు ఫోను చేశాను.

"అలమరలో పరిసినా. సెదలు తినేసినాయి."

ఇంక ఆ ముగ్గురినీ లేపే దారి లేదు. మిగిలిందల్లా అగ్గిపెట్టెకు అన్నగారిలాంటి కొత్త బోర్డు ఒకటి. ఇప్పటి పిల్లలు బొమ్మ కార్లకు, చెట్లకు నీళ్ళు పెట్టడానికి వాడేది. అది కొనుక్కుని, నాకు గుర్తున్నంతలో ఏనుగును రాసుకుని, మళ్ళీ బస్సెక్కాను. చాటింపు ఆ రోజు సాయంత్రమే.

డబ్బాలో మిగిలిన రెండు చిప్పులనూ పీకి, బల్బులకు పోయే వైర్లన్నీ కొత్త బోర్డుకు కలిపాను. వాటినీ, దూదిలో తెచ్చిన ముసలమ్మనూ జేబులో వేసుకోబోతే అక్క చెయ్యి పట్టుకుంది.

"యాడికి తీసకపోతావు? ఆడే ఉండనీ."

"చచ్చిపోయినాయక్కా. పని చెయ్యవు."

"పని సెయ్యకుంటే ఇంట్లోనించి ఎల్లగొడతామా?"

వాదించే ఓపిక లేదు. ఒక థర్మోకోల్ ముక్క మీద మూడింటినీ పక్కపక్కన గుచ్చి, దేనికీ తగలకుండా డబ్బాలో ఒక మూలన కూర్చోబెట్టాను. కొత్త బోర్డు వాటి వెనక దాక్కుంది. ఎవరు చూసినా పాత కాపురం పాతట్లాగే ఉందనుకుంటారు.

మధ్యాహ్నం దాటాక పెద్దాయన వచ్చాడు. మామిడికాయల మండీ నడిపే మనిషి, జాతర కమిటీకి పెద్ద. వెంట కమిటీలో కుర్రవాళ్ళు ఇద్దరు. షాపు వెనక పెరట్లో గోడకు ఆనించిన ఫ్రేము ముందు కుర్చీ వేశాం. స్విచ్చి వేశాను. ఏనుగు కన్ను తెరిచింది. మాల అందుకుంది. మోకాలు, భుజం, నుదురు, అమ్మవారి మెడ. వెన్నలా సాగిపోయింది. నాకైతే కళ్ళు చెమర్చాయి.

పెద్దాయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "ఏనుగు బాగుండాదప్పా. దండం యాడ?"

దండం! మర్చేపోయాను. బుర్రలో ఏనుగును రాసుకునేటప్పుడు తొండం సాఫీగా పైకి పోవాలనే రాసుకున్నాను. ఎవరైనా అట్లాగే రాస్తారు.

"ఎన్నిసార్లు వంగేది పెద్దాయనా?"

"మూడుసార్లు. దండమంటే మూడుసార్లే కదా."

"ఒక్కసారే మామా" అన్నాడు ఒక కుర్రవాడు.

"నువ్వెప్పుడు సూసినావురా? ఫోన్లో మునిగుంటావు."

"వంగడం కాదు, అటూ ఇటూ ఆడిస్తాది" అన్నాడు రెండోవాడు.

సరే, ఫోనులు ఉన్నాయి కదా, నిరుటి జాతర వీడియోలు చూద్దామన్నాను. తీశారు. ఒకదాంట్లో ఏనుగు ముందు ఆ కుర్రవాడి మొహం. రెండోదాంట్లో వాళ్ళ స్నేహితుడి మొహం. మూడోదాంట్లో ఏనుగు మొత్తం పడింది, తొండానికి సరిగ్గా అడ్డంగా పీచుమిఠాయి కర్ర. ఇంత మంది ఇన్నేళ్ళు చేతులు జోడించి చూసిన ఏనుగును ఒక్కడూ చూడలేదు!

మూడుసార్లు వంగేట్టు మార్చాను. నీళ్ళు తాగుతున్నట్టుందన్నారు. ఒక్కసారి మెల్లగా వంచాను. నిద్రొచ్చినట్టుందన్నారు. గబుక్కున వంచాను. తుమ్మినట్టుందన్నారు. అటూ ఇటూ ఆడించాను. మాల వద్దంటున్నట్టుందన్నారు. నుదుటి దగ్గర ఆపి ఉంచాను. పెద్దాయన లేచి నిలబడ్డాడు.

"మన ఏనుగు కాదప్పా ఇది. వేరే ఊరి ఏనుగు."

"వేలూరు బోర్డు మాత్రం మన ఊరిదా?" అన్నాను, ఒళ్ళు మండి.

"అది కొత్తదని సెప్పుకోని పెడతాము. దీన్ని పాతదని సెప్పి ఎట్లా పెట్టేది? అమ్మ ముందర." ఆయన అక్క వైపు తిరిగాడు. "అమ్మణ్ణీ, వాడు వ్యాను పొలిమేర తావే పెట్టుకోని కూర్సోనుండాడు. డప్పు కొట్టేలోపల నేను ఏదో ఒకటి సెప్పాల. పొద్దు వాలినాక మళ్ళా వస్తా."

వాళ్ళు వెళ్ళిపోయారు. మా అక్క లోపలికి పోయింది. నేను లాప్‌టాపు ముందేసుకుని వంకర టింకర తొండాలు రాసుకుంటూ కూర్చున్నాను. పాత సినిమా పోస్టర్లలో ఏనుగులను గుర్తు చేసుకున్నాను, తిరుమల వాహన సేవలో ముందు నడిచే ఏనుగును గుర్తు చేసుకున్నాను. అవేవీ మా బావ ఏనుగులా వంగలేదు.

"రేయ్, వచ్చి తిను. సంగటి సల్లారిపోతాది" అని వంటింట్లోంచి కేక.

"ఉండక్కా, ఈ వరస రాసేసి వస్తా."

కాసేపటికి తలెత్తి చూస్తే గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో పళ్ళెం. నా వైపు కాదు, నా ముందున్న లాప్‌టాపు వైపు చూస్తోంది.

"మీ బావ కూడా ఇట్లే అన్నాడు."

"ఏమని?"

"ఈ వరస రాసేసి వస్తానని." వచ్చి గుమ్మం మెట్టు మీద కూర్చుంది. "ఈడనే, సాప మీద, కాగితాలు పరుసుకోని. పిలుస్తానే ఉండా, పలకడే. సంగటి గట్టిపడిపోతా ఉండాది. నాకు కోపమొచ్చి కాగితం లాగినా. అప్పుడు లేసినాడు. తినేసి వచ్చి, యాడ ఆపినాడో సూసుకోకుండా, ముందు రాసిందే మళ్ళా రాసినాడు."

"ఏ వరస?"

"భుజానిది. భుజం రాసి, నుదురు రాసి లేసినాడు. వచ్చి మళ్ళా భుజం, మళ్ళా నుదురు. నేను సూస్తానే ఉండా. తినేటప్పుడు కోప్పడినా కదా, మళ్ళా ఏమన్నా అంటే ఎగిరిపడతాడని గమ్మునుండినా."

వేళ్ళ మీద లెక్కేసుకున్నాను. నుదుటి దాకా లేచిన తొండం ఒక మెట్టు కిందికి, భుజానికి వచ్చి, మళ్ళీ నుదుటికి పోయింది. అంతే. అదే దండం.

"జాతర రోజు స్విచ్చేసినాక సూసుకున్నాడు మీ బావ. అయ్యో, తప్పు పడిందే అని డబ్బా దించబోయినాడు. అంతలో ముందు నిలబడిన ముసలామె, సూడండ్రా, ఏనుగు దండం పెడతా ఉండాది అని సేతులెత్తింది. ఆమెని సూసి పక్కామె. ఈదంతా. ఇంకేం దించేది?"

"బావ నాతో, 'భక్తితో పెట్టినా బామ్మర్దీ, ఊరికే రాలేదు ఆ ఆలోచన' అన్నాడే!"

"అంటాడు. నీకు మాత్రమే వస్తాయా అబద్ధాలు?"

ముప్పై ఏళ్ళు నమ్మాను నేను ఆ మాట. షాపుకొచ్చిన వాళ్ళందరికీ చెప్పాను. నా జన్మలో నేను చెప్పిన ఏ కోతా ఒక ఊరి చేత ముప్పై ఏళ్ళు చేతులెత్తించలేదు.

"ఇంత తెలిసుండీ మధ్యాహ్నం నుంచి నన్ను అటూ ఇటూ ఊపించినావా? పెద్దాయన ముందే చెప్పుంటే అయిపోయేది కదా!"

"ఆయన ముందర ఎట్లా సెప్పేది? మీరంతా దండం పెడతా ఉండేది సంగటికి అని సెప్పమంటావా?" పళ్ళెం నా ముందు పెట్టింది. "ముందు తిను. తినేసి రాయి. ఈసారి తప్పు సరిగ్గా రాయి."

తిన్నాను. సంగటి నిజంగానే గట్టిపడింది. తర్వాత, మోకాలు, భుజం, నుదురు, మళ్ళీ భుజం, మళ్ళీ నుదురు, మెడ అని రాశాను. ఎంత సేపు ఆగాలో కూడా వేరే లెక్క అక్కర్లేకపోయింది. అన్ని మెట్లకూ ఎంతో దానికీ అంతే. ఇంత సులువైనదాన్ని ఆ పూటంతా వెన్నలాగా, తుమ్ములాగా, నిద్రలాగా రాసి చచ్చాను.

పొద్దు వాలుతుండగా పెద్దాయన వచ్చాడు. ఈసారి కూర్చోలేదు. నేను స్విచ్చి వేశాను. తొండం నుదుటి దాకా లేచింది. వంగింది. ఆయన చేతులు వాటంతట అవే పైకి లేచాయి.

"ఇదీ" అన్నాడు, వాటిని దించుతూ. "ఇదీ మన ఏనుగు. కుర్రోళ్ళకి నేను సెప్తాలే. కట్టుకోమ్మా ఆర్చి." వెళ్ళబోతూ డబ్బాలోకి తొంగి చూశాడు. థర్మోకోల్ మీద బొట్లు పెట్టుకుని కూర్చున్న మూడు చిప్పులు కనిపించాయి. వాటికీ ఒక నమస్కారం పెట్టాడు. "పాత సామాన్లే పాత సామాన్లప్పా. ఎట్లా పని సేస్తా ఉండాయో సూడు."

నాకు మనసు ఒప్పలేదు. ఎన్ని కోతలు కోసినా, అమ్మవారి పేరు చెప్పి చోటు ఇచ్చిన మనిషికి నిజం చెప్పాలనిపించింది. అక్క కళ్ళతో వద్దంటూనే ఉంది.

"పెద్దాయనా, ఒక నిజం చెబుతా. ఆ మూడూ చచ్చిపోయినాయి. మా అక్క వడియాలతో పాటు ఎండబెట్టింది, ఎండకి వాటిల్లో ముసలమ్మకి మతి పోయింది. ఏనుగుని ఆడించేది వాటి ఎనకాల దాక్కోనుండే ఈ చిన్న బోర్డు. ఇంకా, అది దండం కాదు. బావ సంగటి తినేదానికి లేచిపోయి, వచ్చి రాసిందే మళ్ళీ రాసినాడు. ఒట్టు."

పెద్దాయన నన్ను తేరిపార చూశాడు. మొదట మీసాలు కదిలాయి. తర్వాత భుజాలు. తర్వాత గోడ పట్టుకుని నవ్వాడు, కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు.

"ఎండకి మతి పోయిందా! సంగటి తిన్నాడా! అబ్బబ్బా, రాకెట్టుతో పంచె పోయింది సూడు, దానికంటే ఇదే బాగుండాదప్పా. యాడ పుట్టిస్తావు ఇవన్నీ?"

"నిజం పెద్దాయనా!"

"అదే, అదే. మొగం కూడా ఎట్లా పెడతాడో సూడమ్మణ్ణీ" అంటూ నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ కథను ఆయన ఆ సాయంత్రమే కమిటీలో చెప్పాడట, ఎవరూ ఆపుకోలేకపోయారట. ఇప్పుడు చిత్తూరులో నా పేరు ఎత్తితే అదే చెబుతారు. నేను పుట్టించిన కోతల్లో గొప్పదట.

ఆయన సందు మలుపు తిరిగాడో లేదో, డప్పు పడింది. చాటింపు. నేను పొలిమేర లోపల ఇరుక్కుపోయాను. షాపు మూసి, విప్పిన ఇన్వర్టర్లు విప్పినట్టే బెంచీల మీద వదిలి, జాతర అయ్యేదాకా అక్క ఇంట్లో బొంగులు మోసే పని. "బాగైంది" అంది అక్క. "ఆర్చి కట్టేదానికి మనిషి దొరికినాడు."

జాతర మొదటి సాయంత్రం. దీపాలు పెట్టే వేళ. వీధి కిటకిటలాడుతోంది. నేను ఆర్చి కాలు దగ్గర, స్విచ్చి బోర్డు పక్కన. అక్క నా పక్కన. స్విచ్చి వేశాను. ఏనుగు కన్ను తెరిచింది. మాల అందుకుంది, ఎత్తింది. నుదుటి దాకా పోయింది, వంగింది. వీధి వీధంతా చేతులు జోడించింది. పానీపూరీవాడు, పోలీసాయన, భుజాల మీద పసిబిడ్డలను ఎక్కించుకున్న తండ్రులు. నా చేతులు కూడా లేచాయి. ఎందుకు లేచాయని నన్నడగొద్దు, చెప్పినా మీరు నమ్మరు.

అక్క మాత్రం చేతులు జోడించలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, పైకి చూస్తూ, ఏనుగుతో మెల్లగా అంది:

"లేసి రా. సంగటి సల్లారిపోతా ఉండాది."

ఏనుగు వినలేదు. తొండం మళ్ళీ నుదుటి దాకా ఎత్తి, మాల వేసేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు.